షుగర్ పేషెంట్ వచ్చిన ప్రతిసారీ నర్సు పాదాలు చూడాలా, ఏడాదికోసారి చాలా?

ఉదయం డ్యూటీ (ప్రాథమిక వైద్యం, నర్సు)

మా దగ్గర ఒక ప్రతిపాదన మీద గట్టిగా వాదన నడుస్తోంది. షుగర్ ఉన్నవాళ్లు ఏ పని మీద వచ్చినా, చివరికి బీపీ చూపించుకోవడానికి వచ్చినా సరే, నర్సు సాక్సులు తీయించి రెండు పాదాలూ చూడాలన్నది ఆ ప్రతిపాదన. ఇప్పుడైతే ఏడాదికోసారి సన్నటి నైలాన్ తీగ అయిన మోనోఫిలమెంట్‌తో స్పర్శ, చేత్తో నాడి చూసి ఫారం నింపుతున్నాం. అది శ్రద్ధగా చేస్తే చాలని నర్సుల్లోనే చాలామంది అంటున్నారు.

నేను మాత్రం ప్రతిసారీ చూడాలనే అంటాను. స్పర్శ పోయిన పాదం నొప్పి చెప్పదు. బూటు లోపల కుట్టు ఊడి ఒరుసుకుంటున్నా మనిషికి తెలియదు. నొప్పి లేదు కాబట్టి చూపించుకోరు. మనం అడిగితే "కాళ్లు బాగానే ఉన్నాయండీ" అంటారు. వాళ్లేమీ దాచిపెట్టడం లేదు, వాళ్లకు తెలిసింది అంతే. అలాంటప్పుడు నోటితో అడిగి వదిలేస్తే చూసినట్టు ఎలా అవుతుంది? షుగర్ ఉన్నవాళ్లలో 19 నుంచి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడుతుందని అంచనా. అంత పెద్ద సమస్యకు ఏడాదిలో ఒక్క రోజు కేటాయిస్తే సరిపోతుందని నాకు అనిపించడం లేదు.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి

ఉదయం డ్యూటీ గారూ, మీ ఆరాటం నాకు అర్థమవుతోంది. కానీ అందరివీ ప్రతిసారీ చూడమంటే చివరికి ఎవరివీ సరిగ్గా చూడరు. ఫారంలో టిక్కు మాత్రం పడుతుంది.

పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ రిస్కును బట్టి గడువులు చెప్పింది. స్పర్శ, రక్త ప్రసరణ రెండూ బాగుంటే ఏడాదికోసారి. రెండింటిలో ఏదో ఒకటి దెబ్బతింటే ఆరు నుంచి పన్నెండు నెలలకు. రెండూ దెబ్బతిన్నా, లేదా ఒకటి దెబ్బతిని దానితోపాటు పాదం ఆకారం మారినా మూడు నుంచి ఆరు నెలలకు. స్పర్శో ప్రసరణో దెబ్బతిన్నవాళ్లకు ముందు పుండు పడి ఉన్నా, వేలో కాలో తీసేసి ఉన్నా, కిడ్నీలు పూర్తిగా చెడిపోయినా ఒకటి నుంచి మూడు నెలలకు. రిస్కు లేనివాళ్ల మీద పెట్టే ప్రతి నిమిషమూ ఆ చివరి గుంపు దగ్గర నుంచి తీసుకున్నదే. షిఫ్టులో ఉన్న నర్సులు ఎంతమందో అంతే. పని పెంచితే చేతులు పెరగవు.

కట్టు నర్సు

నేను పుండ్ల క్లినిక్‌లో పనిచేస్తాను. మీరిద్దరూ పరీక్షనూ చూపునూ (అంటే కంటితో పాదం చూడడాన్నీ) కలిపేసి వాదించుకుంటున్నారు.

స్పర్శ పరీక్ష ప్రతిసారీ అక్కర్లేదు. ఒకసారి పోయిన స్పర్శ మామూలుగా తిరిగి రాదు. మళ్లీ మళ్లీ మోనోఫిలమెంట్ పెట్టి "లేదు, లేదు" అని రాసుకుంటే కొత్తగా తెలిసేదేమీ లేదు. కానీ చర్మం సంగతి అలా కాదు, పోయిన వారం బాగున్న చోట ఈ వారం పగులు ఉండొచ్చు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫారంలో "స్పర్శ లేదు" అని నెలల ముందే స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ తర్వాత ఆ కాలు ఎవరూ చూడలేదు. అంటే పరీక్ష జరిగింది, ఫలితం వచ్చింది, దానితో ఎవరూ ఏమీ చేయలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఏం చూడాలో కూడా చెప్తాను, "పాదాలు చూడండి" అంటే చాలామంది పై భాగం చూసి వదిలేస్తారు. ముందు అరికాలి ముందుభాగం, బొటనవేలి మొదట్లో ఉండే బుడిపె కింద చూడండి. అక్కడ ఆనెకాయ ఉంటే దాని రంగు గమనించండి. పసుపు పచ్చగా గట్టిగా ఉంటే ఒత్తిడి పడుతోందని అర్థం. అందులో నల్లటి లేదా ముదురు ఎర్రటి మచ్చ కనిపిస్తే లోపల రక్తం కారినట్టు, కింద అప్పటికే పుండు ఉండి ఉండొచ్చు. దాన్ని "ఆనెకాయ" అని రాసి పంపించేయకూడదు. తర్వాత చిటికెన వేలు, దాని పక్క వేలు విడదీసి మధ్యలో చూడాలి. తెల్లగా నానిపోయిన చర్మం ఉంటుంది, సూక్ష్మజీవులు లోపలికి వెళ్లేది చాలాసార్లు ఆ సందులోంచే. ఆ తర్వాత మడమ వెనక. చివరగా బూటు లోపల చెయ్యి పెట్టి తడమండి. మొత్తం మీద ఒకటి రెండు నిమిషాల పని.

ఒకసారి పుండు మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాది లోపే మళ్లీ పడుతుంది. అయిదేళ్లలో సుమారు 65 శాతం. వీళ్లు మందుల చీటీ కోసం వచ్చినా సరే, సాక్సులు తీయించకుండా పంపకండి. రిస్కు లేనివాళ్ల గురించి నేను పట్టుబట్టను.

మానిన కాలు

నేను నర్సును కాను, పేషెంటును. నా ఎడమ పాదానికి పుండు పడి చాలాకాలానికి మానింది. మీరు ఎన్నిసార్లు చూడాలా అని మాట్లాడుకుంటున్నారు, మంచిదే. కానీ నా అనుభవంలో నాకు కాగితాలే ఇచ్చారు. "రోజూ మీ పాదాలు మీరే చూసుకోండి" అని అందులో ఉంటుంది. నేను నడుము వంచలేను. షుగర్ వల్ల చూపు కూడా తగ్గింది. అరికాలు ఎలా చూసుకోవాలి? ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

చివరికి ఒక నర్సమ్మ మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి, వాడి చేతనే నా వేళ్లు విడదీయించి, ఎక్కడ చూడాలో చూపించింది. అప్పటినుంచి వాడు చూస్తున్నాడు. కాగితంతో కానిది ఆ కాసేపట్లో అయింది.

జనరల్ డాక్టర్

మానిన కాలు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. చదివి వినిపించే సలహాల వల్లే పుండ్లు తగ్గుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి చూసే కాక్రేన్ సంస్థ 2014 సమీక్ష కూడా దాదాపు ఇదే తేల్చింది. పేషెంటుకు చెప్పడం మానేయమని కాదు, చెప్పేశాం కదా అని మన పని మానకూడదని నా ఉద్దేశం.

ఇంకో రెండు విషయాలు. ఒక పాదం వేడిగా, వాచి, ఎర్రగా ఉండి, చర్మం ఎక్కడా తెగకపోతే, నొప్పి కూడా పెద్దగా లేకపోతే, బెణుకనో ఇన్‌ఫెక్షన్ అనో తేల్చేయకండి. అది షార్కో పాదం, అంటే స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగా కనిపించవచ్చు. ఆ పాదం మీద నడవనిస్తే ఎముకలు కుంగి ఆకారమే మారిపోతుంది. అనుమానం వస్తే బరువు మోపొద్దని చెప్పి ఆ రోజే పంపాలి. రెండోది రక్త ప్రసరణ. చీలమండ దగ్గర బీపీ కొలిచి చేతి బీపీతో పోల్చే పరీక్షలో షుగర్ ఉన్నవాళ్లకు అంకె బాగా వచ్చినా నమ్మలేం. రక్తనాళాల గోడలు గట్టిపడితే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. నాడి అందకపోతే అంకె చూసి ఊరుకోకుండా కాలివేలి ప్రెషర్ తీయించండి.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి

కట్టు నర్సు గారూ, పరీక్ష వేరు, చూపు వేరు అన్నది ఒప్పుకుంటున్నాను. స్పర్శ పోయినవాళ్లకి ప్రతిసారీ చూపు, మిగతావాళ్లకి గడువు ప్రకారం పరీక్ష అంటే నాకు అభ్యంతరం లేదు. నా బాధ ఆ తర్వాత సంగతి. నల్లమచ్చ కనిపించింది సరే, నర్సు ఎవరికి ఫోన్ చేయాలి? బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం పుండు లాంటి సమస్య కనిపిస్తే ఒక పనిదినం లోపు పాదాల బృందానికి పంపాలి, వాళ్లు ఇంకో పనిదినంలో తీవ్రత తేల్చాలి. అలాంటి దారి లేని చోట నర్సు చూసి చేసేదేముంది? చూసి కూడా ఏమీ చేయలేకపోయిన టెన్షన్ ఇంటిదాకా వస్తుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కట్టు నర్సు

దారి లేని చోట చూడడం ఇంకా ముఖ్యం అంటాను. పంపడానికి పాదాల బృందం లేకపోయినా నర్సు చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పుండు మీద బరువు పడకుండా చూడడం, ఎరుపు ఎంతవరకు పాకిందో పెన్నుతో గీత గీసి తేదీ వేయడం, జ్వరం, చీము, వాసన ఉందా అని చూసి అదే రోజు డాక్టరుకు చూపించడం. డ్రెస్సింగ్ ఎంత ఖరీదైనదైనా, ఆ పుండు మీదే నడుస్తుంటే మానదు. నాకు ఒక్కటే చేసే వీలుంటే బరువు తప్పించడమే చేస్తాను.

కొత్త నర్సు

చిన్న సందేహం. మోనోఫిలమెంట్ పెట్టి "తగులుతోందా?" అంటే అందరూ అవుననే అంటారు. ఎలా చేయాలి?

కట్టు నర్సు

ముందు చేతి మీద పెట్టి ఎలా ఉంటుందో చూపించు తల్లీ. తర్వాత కళ్లు మూసుకోమను. తీగ వంగేదాకా నొక్కు, అప్పుడే 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. ఆనెకాయ మీద పెట్టకు. మధ్యలో ఒకసారి అసలు తాకకుండానే అడుగు, అప్పుడూ అవునంటే ఊహించి చెప్తున్నారని తెలుస్తుంది. పది పదిహేను మందికి వాడాక ఆ తీగను ఒక రోజు పక్కన పెట్టు, లేకపోతే మెత్తబడి తక్కువ బరువుకే వంగుతుంది. తీగ లేని రోజు ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ చెయ్యి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలి కొసల్ని చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి, పొడవకూడదు. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

ఉదయం డ్యూటీ

మా మీటింగుకి ఇలా తీసుకెళ్తున్నాను: స్పర్శ గానీ నాడి గానీ దెబ్బతిన్నవాళ్ల ఫైలు మీద బయటికి కనిపించేలా గుర్తు, వాళ్లు దేనికొచ్చినా సాక్సులు తీయించడం, ఏం కనిపిస్తే ఎవరికి చెప్పాలో గోడ మీద పేరూ నంబరూ. రిస్కు లేనివాళ్ల విషయంలో మాత్రం షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారితో నేనింకా ఏకీభవించను. "రిస్కు లేదు" అని పోయినేడాది రాసింది ఎవరో, తీగ వంగేదాకా నొక్కారో లేదో మనకు తెలియదు. ఆ పరీక్షలు సరిగ్గా జరుగుతున్నాయని నమ్మకం కుదిరేదాకా నా కుర్చీ దగ్గరికి వచ్చినవాళ్లందరివీ చూస్తాను.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి

అయితే ముందు ఆ పరీక్ష నేర్పించడానికి ఒక పూట అడగండి. అది నా షిఫ్టులోంచి నేనిస్తాను.