అప్‌డేట్: అన్నయ్య పెళ్లిలో ఏం కట్టుకున్నానంటే

పెద్దమ్మ కొడుకు పెళ్లికి అమ్మ పట్టుచీరే కట్టుకోవాలంటోంది, నేనేమో పూర్తిగా ఆడా కాదు, మగా కాదు, ఏం చేయాలని అడిగాను కదా. పెళ్లి అయిపోయింది.

చీర కట్టలేదు. నిజాం అంచు మంగళగిరి బట్ట కొని, జెంట్స్ టైలర్ దగ్గర లాల్చీ కుట్టించాను. భుజాల కొలత తీసుకుంటూ ఆయన ఒక్కసారి తలెత్తి చూశాడు, తర్వాత జేబు ఒకటా రెండా అని అడిగాడు, అంతే. దాని మీదికి అమ్మమ్మ బుట్టలు, కళ్లకు కాటుక. అద్దంలో చూసుకుంటే మొదటిసారి వేషం కట్టినట్టు అనిపించలేదు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు గానీ, పెళ్లిరోజు పొద్దున తనే జడపువ్వుల పెట్టె నా ముందు పెట్టి, నా క్రాపు చూసి నవ్వేసింది. అత్తయ్యలకి నా బట్టల కన్నా నా పెళ్లెప్పుడన్నదే ముఖ్యం!

ఆపరేషన్ చేయించుకోకుండా మూడో జెండర్ అని రాయించుకోవచ్చా అని ఒకరు అడిగారు. 2014 ఏప్రిల్ 15న, నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చనీ, ఆపరేషన్ షరతు పెట్టకూడదనీ స్పష్టంగా చెప్పింది. ఆధార్‌లో మూడో గడి ఉంది కూడా. నేను మాత్రం ఇంకా మార్చలేదు. పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు అన్నీ ఒకటిగా ఉండాలి, ఆ తిరుగుడుకి ఇప్పుడు ఓపిక లేదు.

నాన్నతో ఇంకా మాట్లాడలేదు. ఫోటోలు మాత్రం ఆయనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.