పానిక్ అటాక్ వచ్చినప్పుడు ఊపిరిని ఎలా అదుపులోకి తెచ్చుకుంటున్నారు?

తూర్పుగాలి:
రద్దీ బస్సులో, లిఫ్టులో, ఒక్కోసారి మంచి నిద్రలో కూడా గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ప్రాణం పోతుందేమోనన్నంత భయం కలుగుతోంది. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో లోపమేమీ కనబడలేదు, ఇవి పానిక్ అటాక్‌లేనని వైద్యురాలు చెప్పారు. గట్టిగా ఊపిరి పీల్చుకోమని ఇంట్లోవాళ్లు అంటారు గాని, పీల్చినకొద్దీ ఎక్కువవుతోంది. మీకు ఏది పనిచేసిందో చెప్పగలరా?

పెన్నాతీరం:
తూర్పుగాలి గారూ, అలా ఎక్కువవడానికి కారణం ఉంది. భయంలో మనం అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తుంటాం కాబట్టి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, తల తిరగడం, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలవుతాయి. ఆ తిమ్మిరిని చూసి భయం ఇంకా పెరుగుతుంది. అందుచేత పీల్చడం కన్నా వదలడం మీద మనసు పెట్టండి. ఒక చేయి ఛాతీ మీద, ఒక చేయి పొట్ట మీద ఉంచి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు మెల్లగా పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పొట్ట మీది చేయి లేస్తూ, ఛాతీ మీది చేయి దాదాపు కదలకుండా ఉంటే సరిగా చేస్తున్నట్టే. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి మళ్లీ పీల్చే పాత చిట్కా జోలికి మాత్రం వెళ్లకండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం.

నల్లరేగడి:
ఊపిరిని గమనిస్తే నాకు కంగారు పెరుగుతుంది. నాలాంటివారికి ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు 1929లో పుస్తకంగా వెలువరించిన కండరాల సడలింపు పద్ధతి నయమనిపిస్తుంది. పిడికిలి కొన్ని క్షణాలు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, అరచేతిలోకి వెచ్చదనం పాకడాన్ని గమనించి, తర్వాత భుజాలు, దవడ, పాదాలు ఇదే వరుసలో చేస్తాను. రోజూ స్థిమితంగా ఉన్న వేళ సాధన చేయకపోతే, దడ పుట్టాక ఇది గుర్తుకు రాదు.

మల్లెపందిరి:
మా మేనత్త నేర్పిన భ్రామరి ప్రాణాయామం నాకు బాగా కుదిరింది. నోరు మూసి తుమ్మెదలా ఝుమ్మంటుంటే ఊపిరి దానంతటదే నిదానంగా బయటికి వెళ్తుంది, లెక్కపెట్టే పని ఉండదు.

పెన్నాతీరం:
ఒక్క మాట చేర్చాలి. ఈ పద్ధతులను తాయెత్తులా పట్టుకుని, ఇవి లేకపోతే బస్సెక్కలేనన్న స్థితికి రాకూడదు. ఈ ఉధృతి సాధారణంగా పది నిమిషాల లోపే పతాకస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుందని తెలిసి, బస్సు దిగకుండా కూర్చోగలగడమే అసలు మెరుగుదల. ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక చికిత్సలో ఈ సాధన చేయిస్తారు. నిపుణులు దగ్గరలో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

నల్లరేగడి:
అయితే ఛాతీనొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, ఎన్నడూ లేనంత ఆయాసం వచ్చినా ఊపిరి సాధనలతో కాలయాపన చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.