అప్‌డేట్: సీతాఫలం ఆకుల డీఎన్ఏ తెల్లగా వచ్చింది

మహబూబ్‌నగర్ నుంచి మళ్లీ నేనే. బాలానగర్ రకం సీతాఫలం ఆకుల నుంచి డీఎన్ఏ తీస్తే గోధుమ రంగులో, జిగటగా వస్తోంది, ఎందుకని అడిగాను కదా. మీరు చెప్పిన కారణమే. ముదురు ఆకుల్లోని పాలీఫినాల్స్ (వగరునిచ్చే పదార్థాలు) ఆక్సీకరణం చెంది డీఎన్ఏకి అతుక్కుంటున్నాయి. జిగట పాలీశాకరైడ్లది (చక్కెర అణువుల పొడవాటి గొలుసులు).

ఈసారి లేత ఆకులు తెచ్చాం. సీటాబ్ బఫర్‌లో (కణాల పొరలను కరిగించి డీఎన్ఏను బయటికి తెచ్చే ద్రావణం) ఉప్పు గాఢత 1.4 నుంచి 2 మోలార్‌కు పెంచి, పాలీఫినాల్స్‌ను పట్టుకునే పీవీపీ, ఆక్సీకరణను ఆపే బీటా మెర్కాప్టోఇథనాల్ కలిపి 65 డిగ్రీల దగ్గర ఉంచాం. (ఆ మెర్కాప్టో విషం, ఫ్యూమ్ హుడ్ అంటే ఆవిర్లను బయటికి లాగే పెట్టె లేకుండా ముట్టుకోవద్దు.) క్లోరోఫామ్ తర్వాత పై పొర తీసి, చల్లటి ఐసోప్రొపనాల్ పోయగానే తెల్లటి పోగులు తేలాయి. మా ఎమ్మెస్సీ పిల్లల సంతోషం చూడాలి! డీఎన్ఏ శుద్ధతను చూపే 260/280 నిష్పత్తి 1.8 దగ్గరికొచ్చింది, అంటే ప్రొటీన్ పెద్దగా కలవనట్టే.

అప్పుడే ఒకమ్మాయి అడిగింది: "సార్, ఎపిజెనెటిక్ గుర్తులు ఈ పోగుల్లో ఉంటాయా?" ఎంత మంచి ప్రశ్న! ఎపిజెనెటిక్ గుర్తులంటే డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల పనితీరును మార్చే రసాయన గుర్తులు. కణంలో డీఎన్ఏ దాదాపు 147 బేస్ జతల చొప్పున ఎనిమిది హిస్టోన్ ప్రొటీన్ల ముద్ద చుట్టూ చుట్టుకుని ఉంటుంది. మనం శుద్ధి చేసేటప్పుడు ఆ హిస్టోన్లు పోతాయి, వాటి మీది అసిటైల్, మిథైల్ గుర్తులూ వాటితోనే పోతాయి. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ మీది మిథైల్ మాత్రం డీఎన్ఏతోనే ఉంటుంది. పీసీఆర్‌లో (డీఎన్ఏకి లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) అది నకలు కాదు కాబట్టి మిథైల్ లేని సైటోసిన్‌ను మాత్రమే మార్చే బైసల్ఫైట్ చర్య ముందే జరపాలి. హిస్టోన్ గుర్తులు కావాలంటే మొదట్లోనే ఆకును ఫార్మాల్డిహైడ్‌లో ఉంచి, ప్రొటీన్‌ను డీఎన్ఏకి బంధించాలి. సీతాఫలం ఆకుతో ఎవరైనా ఇది చేసుంటే పద్ధతి చెప్పండి.