వ్యాసార్ధమా, వ్యాసార్థమా? వృత్త సమీకరణం దగ్గర ఒక సందేహం

పెద్దలకు నమస్కారం. పిల్లల కోసం లెక్కల నోట్సు టైపు చేస్తున్నాను. మూలంలో ఒకచోట "వృత్త వ్యాసార్థం కనుక్కోండి" అనీ, ఇంకోచోట "వ్యాసార్ధం" అనీ ఉంది. ఏది ఉంచాలి? ఒకవేళ ఇందులో ఉన్నది సగం అనే మాటే అయితే, సమీకరణంలో మనం గుణకాలను సగం చేస్తాం కదా, ఆ సగమూ ఈ సగమూ ఒకటేనా?

*

ర కింద ధ వత్తు ఉన్నదే ఉంచండి. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధగోళం, అన్నిటిలో ఉన్న సగమే ఇక్కడా ఉంది. థ వత్తు రాస్తే అది భావం, తాత్పర్యం. వ్యాసం అంటే రచన కూడా కాబట్టి "వ్యాసార్థం" అని రాస్తే ఏదో వ్యాసానికి తాత్పర్యం అడిగినట్టు ఉంటుంది. పలికేటప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి, అందుకే రాతలో ఇంతగా కలిసిపోయాయి.

వ్యాసంలో సగాన్ని ఇలా అర్ధంతో చెప్పే పద్ధతి చాలా పాతది. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో వృత్త వైశాల్యం చెబుతూ "సమపరిణాహస్యార్ధం విష్కంభార్ధహతమేవ వృత్తఫలమ్" అన్నాడు. విష్కంభం అంటే వ్యాసం. చుట్టుకొలతలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే వైశాల్యం వస్తుందని భావం. ఒక్క వాక్యంలో రెండు అర్ధాలున్నాయి, రెండూ సగాలే. వ్యాసార్ధానికి హిందీవాళ్లు వాడే త్రిజ్య అనే మాట వేరే దారిలో వచ్చింది: మూడు రాశుల, అంటే 90 డిగ్రీల, జ్య (నేటి సైన్‌కు మూలమైన పాత కొలత) వ్యాసార్ధానికి సమానం కాబట్టి ఆ పేరు.

*

రెండో ప్రశ్నకు నేను చెబుతానండీ. ఆ రెండు సగాలకూ సంబంధం లేదు. నోట్సులో ఈ మాట తప్పకుండా రాయండి, పిల్లలు తడబడేది ఇక్కడే.

ఎక్స్² + వై² − 6ఎక్స్ + 8వై − 11 = 0 తీసుకోండి. 6లో సగం 3, 8లో సగం 4. వర్గాలు పూర్తి చేస్తే (ఎక్స్ − 3)² + (వై + 4)² = 11 + 9 + 16 = 36. వర్గం విప్పినప్పుడు మధ్య పదానికి 2 వస్తుంది కాబట్టే అక్కడ సగం చేశాం. దానివల్ల తెలిసింది కేంద్రం: (3, −4).

ఇక 36. పేరులో సగం ఉంది కదా అని 18 రాసేవాళ్లు ఉంటారు. 36 వ్యాసం కాదు, వ్యాసార్ధపు వర్గం. వర్గమూలం తీయాలి, జవాబు 6. ఎక్స్², వై²ల ముందు 2 గానీ 3 గానీ ఉంటే ముందు దానితో మొత్తం భాగించాకే ఇదంతా. కుడివైపు 0 వస్తే అది బిందువృత్తం, రుణసంఖ్య వస్తే అసలు వృత్తమే లేదు.

*

మాస్టారూ, మరి పేరులోని సగం నిజంగా పనికొచ్చే లెక్క ఏదైనా ఉందా?

*

ఉందండీ. వ్యాసం చివరి బిందువులు ఇచ్చినప్పుడు. (1, 2), (7, 10) అనుకోండి. వాటి మధ్య దూరం √(36 + 64) = 10, అది వ్యాసం. అందులో సగం 5, అదే వ్యాసార్ధం. నోట్సులో ఈ లెక్క ముందు పెట్టి, సమీకరణం లెక్క తర్వాత పెట్టండి.