పట్టా భూమిలో రాక్షస గుళ్లు: కాపాడుకునే మార్గం ఏది?

గుట్టబాట:
తెలంగాణలో మా బంధువుల పట్టా చేనులో పెద్ద గుండ్లను వలయాకారంలో పేర్చిన సమాధులు ఉన్నాయి. ఊరివాళ్లు వాటిని రాక్షస గుళ్లు అంటారు. ఒకదాన్ని ఎవరో గుప్తనిధుల కోసం రాత్రివేళ తవ్విపోయారు. ఇప్పుడు పక్క చేనును జేసీబీతో చదును చేస్తున్నారు. వంద మీటర్ల లోపు ఏ పనీ చేయకూడదన్న నిబంధన ఇక్కడ వర్తిస్తుందా? అధికారులకు చెబితే భూమి పోతుందని యజమాని భయపడుతున్నారు.

పాతరాయి:
వర్తించదండి. ప్రాచీన కట్టడాల రక్షణకై చేసిన 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, 100 మీటర్ల నిషేధిత ప్రాంతం, దాని ఆవల మరో 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం అనేవి కేంద్ర రక్షిత కట్టడాలకు మాత్రమే ఉంటాయి. కాబట్టి సర్వే నంబరు, ఫొటోలు, జీపీఎస్ వివరాలతో రాష్ట్ర పురావస్తు శాఖకు వినతిపత్రం ఇచ్చి, నకలును తహసీల్దారుకు అందజేసి, రెండు చోట్లా రసీదు తీసుకోండి. రక్షిత స్థలంగా ప్రకటించినంత మాత్రాన యాజమాన్యం మారదు. కేంద్ర చట్టంలోనైతే అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఉంది, యజమానితో సంరక్షణ ఒప్పందం చేసుకునే వీలూ ఉంది. అయితే తవ్వకాలపై, కొత్త నిర్మాణాలపై ఆంక్షలు వస్తాయి. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పడం న్యాయం.

ఇనుపయుగం:
తవ్విన గుంటలో దిగి కుండపెంకులు ఏరకండి. సాధారణంగా వలయం లోపల రాళ్ల కుప్ప, దాని కింద నిలువు రాతిపలకలతో కట్టిన గది, పైన మూతబండ ఉంటాయి. కొన్నింటిలో ఒక పలకకు గుండ్రని రంధ్రం కూడా తొలిచి ఉంటుంది. ఏ ఎముక పక్కన ఏ నలుపు-ఎరుపు కుండ ఉంది, ఇనుప కత్తి ఏ దిక్కున ఉంది అన్న ఆధారాల నుంచే రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ సమాధి గురించి ఏమైనా చెప్పగలం. చోటు మారిన పెంకు ఎంత అందమైనదైనా ఆ సాక్ష్యం చెప్పదు. బంగారం కోసం తవ్వేవారికి చివరకు దొరికేది తుప్పుపట్టిన ఇనుము, మహా అయితే కొన్ని పూసలు!

పాతరాయి:
మరొక మాట. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి కనుక, రాత్రి తవ్వకాలపై పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నారాయణపేట జిల్లాలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాక ఇలాంటి చోట్లపై ఆసక్తి పెరిగింది. దాంతోపాటు గుప్తనిధుల వేటగాళ్ల కన్నూ పడుతుంది. అందుచేత స్థలం ఆచూకీని ఇక్కడ గానీ వాట్సాప్ గుంపుల్లో గానీ పెట్టకండి.

గుట్టబాట:
ధన్యవాదాలండి. వినతిపత్రంపై యజమాని సంతకం కూడా పెట్టిస్తాను. జేసీబీ పనిని గుండ్లకు దూరంగా ఆపమని పక్క రైతును ఈలోగా ఆయనే అడుగుతానన్నారు.