నౌపడా చిన్నరైలు నమూనా: అక్షరాలకు డెకాలా, చేతిరాతా?

కోట జంక్షన్ (విజయనగరం):
నౌపడా–గుణుపురం చిన్నరైలు పెట్టెని 1:87 కొలతలో చేస్తున్నాను. డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి అచ్చు బొమ్మ) అతికించిన ప్రతిసారీ అక్షరాల చుట్టూ వెండి పొరలా మెరుస్తోంది. మూడు పాడయ్యాయి. సన్న బ్రష్షుతో చేత్తో రాయడమే సరి అంటాను. అప్పట్లో పెట్టెల మీద పెయింటర్లు రాసిందీ బ్రష్షుతోనే కదా!

టెక్కలి రోడ్డు:
అన్నా, నేను ఒప్పుకోను. 15 సెంటీమీటర్ల అక్షరం నీ నమూనాలో 1.7 మిల్లీమీటర్లు, బియ్యపు గింజ వెడల్పు. అంత చోటులో ‘ణు’ రాసి చూడు, కొమ్ము ముద్దయిపోతుంది.

ఆ వెండి మెరుపు డెకాల్ తప్పు కాదు. మ్యాట్ (మెరుపు లేని) రంగు గరుకుగా ఉంటుంది, ఆ సందుల్లో గాలి చిక్కుకుంటుంది. ముందు గ్లాసీ (నిగనిగలాడే) వార్నిష్ కొట్టి పూర్తిగా ఆరనివ్వు. డెకాల్ బాగా అంటుకోడానికి వాడే మైక్రో సెట్ ద్రవంతో తడిపి డెకాల్ జరిపి పెట్టు, నీళ్లు అద్దేసి పైన డెకాల్‌ని మెత్తబరిచే మైక్రో సోల్ ద్రవం రాయి. వెంటనే ముడతలు పడుతుంది. టెన్షన్ పడి వేలు పెట్టావా, చిరిగిపోతుంది. వదిలేస్తే ఆరే కొద్దీ సాపై రివెట్ల మీద చర్మంలా అతుక్కుంటుంది. చివర్లో మ్యాట్ వార్నిష్ కొడితే అంచు కనపడదు.

పలాస ప్యాసింజర్:
2004లో గేజ్ మార్పిడికి ఆపేసేదాకా ఆ బండి ఎక్కినవాణ్ణి. తమ్ముడు గ్లాసీ వార్నిష్ గురించి చెప్పింది నిజమే, కానీ అసలు చిక్కు వదిలేశాడు. ఇంట్లో ప్రింటర్‌కి తెల్ల ఇంకు ఉండదు. పారదర్శక డెకాల్ కాగితం మీద పసుపు అక్షరం అచ్చు వేసి ముదురు పెట్టె మీద పెడితే మాయమైపోతుంది. తెల్ల కాగితం మీద వేస్తే చుట్టూ పెట్టె రంగు కూడా అచ్చు వేయాలి, అది కలవదు. స్టేషన్ బోర్డు మాత్రం పసుపు మీద నలుపు కాబట్టి తెల్ల కాగితం మీద హాయిగా వస్తుంది. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో ముంచే ముందు వార్నిష్ కొట్టండి, లేకపోతే అక్షరాలు కారిపోతాయి.

టెక్కలి రోడ్డు:
తెల్ల ఇంకుతో అచ్చు వేసిచ్చేవాళ్లు ఉన్నారన్నా. ఖర్చవుతుంది, అయినా పెట్టె మీద వంకర అక్షరం నేను చూడలేను.

కోట జంక్షన్:
గ్లాసీ వార్నిష్ కొట్టకపోవడం నా పొరపాటే. బోర్డుకి డెకాల్ వేస్తాను. పెట్టె మీద మాత్రం చేత్తోనే రాస్తాను, కాస్త వంకరున్నా అది మనిషి రాసినట్టే ఉంటుంది. ఇక్కడ రెండు రోజులుగా ముసురు. ఈ తేమలో స్ప్రే చేస్తే వార్నిష్ తెల్లబడుతుంది, ఎండ వచ్చాక ఫొటోలు పెడతాను.