కురుసుర సబ్‌మెరైన్‌లోకి వీల్‌చైర్‌ వెళ్లేలా మార్చాలా, వద్దా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. వీల్‌చైర్‌లోనే తిరుగుతుంది. స్కూలువాళ్లు పిల్లల్ని విశాఖ తీసుకెళ్తున్నారు. ఆర్కే బీచ్‌లో కురుసుర, దానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం చూపిస్తారట. ‘మెట్లు ఎక్కాలి, మీ పాపకి కుదరదు, ఇంట్లో ఉంచేయండి’ అన్నారు. కురుసుర మ్యూజియం 2002 నుంచి ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వచ్చిపోయే పాత భవనాలను కూడా, నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోపు అందరికీ వీలుగా మార్చాలి. నిబంధనలు 2017లోనే వచ్చాయి. కాబట్టి మార్చాల్సిందే అంటాను. మీరేమంటారు?

పాత నావికుడు (విజయనగరం):
తమ్ముడూ, అది భవనం కాదు, బోటు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి దాకా పనిచేసింది. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడాలి. మొత్తం ఏడు గదులు. గదికీ గదికీ మధ్య ఉక్కు గోడ, అందులో చిన్న గుండ్రటి తలుపు. తల వంచి, కాలెత్తి దాటాలి. ఒక గదిలోకి నీళ్లొస్తే ఆ తలుపు బిగించేస్తారు, మిగతా గదుల్లోవాళ్లు బతుకుతారు. లోపల 75 మంది దాకా ఉండేవారు, అందరి ప్రాణాలూ ఆ తలుపుల మీదే. వీల్‌చైర్‌ ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలంటే గోడలన్నీ కోయాలి. కోశాక మిగిలేది పొడవాటి రేకుల షెడ్డు. నేనొప్పుకోను.

బొబ్బిలి కోట:
డ్యూటీలో ఉన్నప్పుడు పైమూత తీసి నిచ్చెన మీద దిగేవారు కదా మాస్టారూ. సందర్శకుల కోసం పక్కన కోసి గుమ్మాలు పెట్టారు. నడిచేవాళ్ల కోసం కోయొచ్చు, కూర్చున్నవాళ్ల కోసం కోయకూడదా?

పాత నావికుడు:
బయటి గుమ్మం వేరు, గదుల మధ్య గోడ వేరు. ముందు అది తెలుసుకోండి.

రాజాం రోడ్డు:
నావికుడు గారిదే నా మాట కూడా.

నాగావళి ఒడ్డు:
అమెరికాలో శాన్‌డియాగోలో మిడ్‌వే అనే యుద్ధనౌక మ్యూజియం ఉంది. అందులో లిఫ్టులున్నాయి. వాళ్లకి కుదిరింది మనకెందుకు కుదరదు?

పాత నావికుడు:
మిడ్‌వే విమాన వాహక నౌక. దాని హ్యాంగర్‌లో లారీ తిప్పొచ్చు. మన పాత విక్రాంత్‌ ఉండుంటే మీరు ఇలా అడగడం న్యాయం. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పోరాడిన ఓడ, ముంబైలో ఏళ్లపాటు మ్యూజియంగా ఉంది. 2014లో తుక్కు కింద అమ్మేశారు. ఆ రోజు మా ఇంట్లో అన్నం సహించలేదు. మిగిలిన బోటు మీద కూడా కట్టర్‌ పెట్టమంటున్నారు మీరు.

బొబ్బిలి కోట:
ఓడని తుక్కు చెయ్యడం, ఒక పిల్ల లోపలికి రావడం రెండూ ఒకటేనా?

పలాస జీడితోట:
చట్టాలెందుకన్నా. మా నాన్నకి పక్షవాతం. అన్నదమ్ములం ఇద్దరం ఎత్తుకుని గుడి మెట్లు ఎక్కించాం. మనసుండాలి. పాపని కూడా ఎత్తుకుని తీసుకెళ్లండి, పోయేదేముంది?

కోట జంక్షన్‌ (విజయనగరం):
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను. ఇక్కడ వీల్‌చైర్‌లో ఉన్నది నేనొక్కదాన్నే అనుకుంటా. పోయేదేముందా? ఒక ఆఫీసులో లిఫ్ట్‌ పాడైతే ముగ్గురు మగవాళ్లు నన్నొక్క మాట అడక్కుండా చంకల కింద చేతులేసి ఎత్తేశారు. సాయం చేశామనే అనుకున్నారు. మళ్లీ రమ్మన్నా నేను వెళ్లలేదు. ఆ పని అలాగే ఆగిపోయింది. మీ నాన్నగారు సొంత కొడుకుల చేతుల్లో ఉన్నారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లని, క్లాసంతా చూస్తుండగా, ఆ గుండ్రటి తలుపుల్లోంచి ఎవరు దాటిస్తారు? ఇంతమంది మాట్లాడారు, పాప ఏమంటోందని ఒక్కరైనా అడిగారా?

నావికుడు గారూ, మీ గోడలు కోయమని నేనడగను. వాటి గురించి మీరు చెప్పిందే నేను వినాలనుకునేది. బయట నేల మీంచి మొదటి గది గుమ్మం దాకా లిఫ్ట్‌ పెట్టండి. మిగతా గదులు తెర మీద చూపిస్తూ, అక్కడ గైడ్లుగా ఉన్న మీలాంటి రిటైర్డ్‌ నేవీవాళ్లు వివరంగా చెప్పండి. టికెట్‌ కొనకముందే ఎన్ని మెట్లు, గుమ్మం ఎంత వెడల్పు అని బోర్డు మీద రాయండి.

పలాస జీడితోట:
మంచి మాట చెప్పినందుకు నన్ను దోషిని చేశారు. లిఫ్ట్‌ వచ్చేదాకా నాన్నని గదిలో కూర్చోబెట్టమంటారా? గుడికి వెళ్దామని ఆయనే అడిగారు.

కోట జంక్షన్‌:
ఆయన అడిగారు. అందుకే అది తప్పు కాదు.

రాజాం రోడ్డు:
తిట్టినా ఫర్వాలేదు, ఉన్నమాట చెప్తాను. మా బాబు కూడా ఇలాంటి ట్రిప్పుకే వెళ్తున్నాడు. బోటు మారదు. ఇక మీరు మార్చమనేది ట్రిప్పుని. ఒక్కరి కోసం నలభై మంది మానుకోవాలా?

కోట జంక్షన్‌:
ఎవరు మానుకోమన్నారు? బస్సులో పాటలు, దారిలో టిఫిన్‌, బీచ్‌ రోడ్డు, సముద్రం, ఇవన్నీ ట్రిప్పు కాదా? సబ్‌మెరైన్‌లో ఉండేది కాసేపు. ఆ కాసేపటి కోసం రోజంతా కాదన్నారు. అదే చట్టం 16వ సెక్షన్‌ చూడండి. చదువుతో పాటు ఆటలు, వినోదం కూడా మిగతా పిల్లలతో సమానంగా అందాలని ఉంది. స్కూలు ఇక్కడ తప్పించుకుంటుంటే మనం ఉక్కు గోడల గురించి కొట్టుకుంటున్నాం.

రాజాం రోడ్డు:
పాపతో ఒక టీచరు బయట ఉండిపోతే మిగతా పిల్లల్ని సముద్రం పక్కన ఎవరు కనిపెట్టుకుంటారు? ఏదైనా జరిగితే సెక్షన్‌ వస్తుందా?

పాత నావికుడు:
నేను మాట్లాడింది గోడల గురించి. పాపని ఇంట్లో ఉంచమని నేననలేదు, అది నాకు అంటగట్టకండి. బోటుకి వెల్డింగ్‌ చెయ్యకుండా లిఫ్ట్‌ విడిగా నిలబెడితే నాకు అభ్యంతరం లేదు.

బొబ్బిలి కోట:
ఆ మాట మొదటే అనుంటే సగం గొడవ ఉండేది కాదు.

నాగావళి ఒడ్డు:
పాపని ఇప్పుడే అడిగాను. లోపలికి ఎత్తుకెళ్తామంటే వద్దంది. ట్రిప్పుకి మాత్రం వెళ్తానంది, స్నేహితురాళ్ల పక్కన సీటు కావాలంది. రాజాం అన్నా, టీచర్లు చాలరంటే మా అక్క తోడు వస్తుంది, ఖర్చు మాదే. రేపు స్కూలుకెళ్లి ఇదే చెప్తాను. అప్పటికీ కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మంటాను.

రాజాం రోడ్డు:
కాగితం అడిగితే అసలు ట్రిప్పే రద్దు చేస్తారు. అప్పుడు మిగతా పిల్లలకి మీరేం చెప్తారు?